ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత రాలుతున్న వెంట్రుకలు: కుదురు ఎక్కడికీ పోలేదు

ప్రశ్న: నా వయసు 34. ఎఫ్‌యూఈ పద్ధతిలో (తల వెనక నుంచి కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి నాటే పద్ధతి) హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుని ఇవాళ్టికి 18 రోజులు. నుదుటి పైనుంచి నడినెత్తి దాకా 2,400 గ్రాఫ్ట్‌లు పెట్టారు. మొదటి వారం క్లినిక్ వాళ్లు చెప్పినట్టే చేశాను. ఆ తర్వాత ఒకరోజు తలస్నానం చేస్తుంటే పక్కుతో పాటు నాలుగైదు వెంట్రుకలు చేతిలోకి వచ్చాయి. అప్పటినుంచి తల రుద్దాలంటే భయం. నీళ్లు పోసుకుని వదిలేస్తున్నాను. పక్కులు ఇంకా అక్కడక్కడా గట్టిగా అంటుకునే ఉన్నాయి, వెంట్రుకలు మాత్రం రాలుతూనే ఉన్నాయి. వాటిని టిష్యూ పేపర్లో పెట్టి చూస్తే చివర తెల్లటి చిన్న బుడిపె కనిపిస్తోంది. అదే కుదురా? నడినెత్తి మొద్దుబారినట్టుంది. తల వెనక దురద, పైగా అక్కడ కూడా జుట్టు పల్చబడినట్టు అనిపిస్తోంది. క్లినిక్‌కి ఫొటోలు పంపితే 'నార్మలే సార్' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటున్నారు. మానేసిన సిగరెట్ ఈ టెన్షన్‌లో మళ్లీ మొదలైంది, రోజుకు మూడు నాలుగు. మా ఆవిడ 'ఏం కాదులెండి' అంటోంది కానీ నాకు నిద్ర పట్టడం లేదు. పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరేనా? పక్కులకు రాత్రిపూట నూనె పట్టించమని ఒక మిత్రుడు చెబుతున్నాడు. పట్టించవచ్చా? – ఒక పాఠకుడు

సమాధానం: ముందు మీకు నిద్ర లేకుండా చేస్తున్న ప్రశ్న సంగతి చూద్దాం. టిష్యూ పేపర్లో మీరు చూసిన తెల్ల బుడిపె కుదురు కాదు. ఎదుగుదల ఆగిపోయిన ఏ వెంట్రుకకైనా కింది కొస కొంచెం ఉబ్బి, తెల్లగా, గట్టిగా ఉంటుంది. మామూలుగా రోజూ దువ్వెనకు వచ్చే వెంట్రుకను వెలుతురులో పట్టుకుని చూడండి, దానికీ అదే బుడిపె ఉంటుంది. మీ తలలో నాటిన గ్రాఫ్ట్ అంటే ఉత్త వెంట్రుక కాదు. చర్మంలో నాలుగైదు మిల్లీమీటర్ల లోతుకు దిగి ఉండే చిన్న కండలాంటి ముక్క. అందులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు, వాటి కుదుళ్లు, వాటిని మళ్లీ మళ్లీ మొలిపించే మూలకణాలు ఉంటాయి. అది ఊడితే ఊడిన చోట రక్తం వస్తుంది, చేతికి మెత్తటి కండ తగులుతుంది. అలా ఊడితే గీడితే మొదటి కొన్ని రోజుల్లోనే. 18వ రోజున, రక్తం చుక్క కూడా లేకుండా, పక్కుతో పాటు జారి వచ్చేది వెంట్రుక మాత్రమే. దాన్ని పుట్టించే భాగం లోపలే ఉండిపోతుంది.

అలా ఎందుకు రాలుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. తల వెనక నుంచి తీసిన క్షణం నుంచి ఆ కుదురుకు రక్తప్రసరణ తెగిపోతుంది. కొత్త చోట నాటాక మొదటి రెండు మూడు రోజులు చుట్టూ ఊరే ద్రవంతోనే అది బతుకుతుంది. తర్వాత సన్నటి రక్తనాళాలు మెల్లగా వచ్చి కలుస్తాయి. ప్రాణం నిలబెట్టుకోవడమే పని అయిన ఆ రోజుల్లో వెంట్రుకను పెంచే పని పక్కన పెట్టేసి కుదురు విశ్రాంతి దశలోకి వెళ్లిపోతుంది. పెరగడం ఆగిన వెంట్రుక రెండో వారం చివరి నుంచి మొదలుపెట్టి ఆరు, ఎనిమిది వారాల లోపల రాలిపోతుంది. దీన్నే షాక్ లాస్ అంటారు. నాటిన వాటిలో ఎక్కువ భాగం ఇలా రాలడం మామూలు. కొందరికి కొన్ని రాలకుండా అలాగే పెరుగుతాయి కూడా. ఎక్కువ రాలితే ఫలితం తక్కువ అనీ, తక్కువ రాలితే ఎక్కువ అనీ ఏమీ లేదు. కాబట్టి లెక్కపెట్టడం ఆపేయండి. ఆ టిష్యూ పేపర్‌ను చెత్తబుట్టలో వేసేయండి.

నన్ను కలవరపెట్టింది మీ వెంట్రుకలు కాదు, మీ పక్కులు. రాలుతున్న వెంట్రుకను చూసి మీరు తల రుద్ది కడగడమే మానేశారు. ఇప్పుడు అన్నిటికంటే ముందు సరిదిద్దాల్సింది అదే.

గ్రాఫ్ట్ ఎంత గట్టిగా పట్టుకుంది అన్నదాన్ని బట్టే ఏ రోజు ఏం చేయొచ్చో చెబుతాం. మొదటి రెండు రోజులు వెంట్రుకను లాగితే గ్రాఫ్ట్ సులువుగా ఊడి వస్తుంది. ఆరో రోజుకు వెంట్రుకను లాగినా అది కదలదు, కానీ అంటుకున్న పక్కును పీకితే ఇంకా ప్రమాదమే. తొమ్మిది, పది రోజులు దాటాక పక్కు ఊడినా గ్రాఫ్ట్‌కు ఏమీ కాదు. అందుకే మొదటి వారం 'ముట్టుకోవద్దు' అన్న డాక్టరే రెండో వారంలో 'రుద్ది కడగండి' అంటారు. ఈ మలుపు దగ్గరే చాలామంది తడబడతారు. ముట్టుకోవద్దన్న మాట గట్టిగా గుర్తుండిపోతుంది, కడగమన్నది చెవికెక్కదు. పక్కు మొదట్లో గాయానికి కాపు. పది, పద్నాలుగు రోజులు దాటాక దానికి పని లేదు. అప్పటికీ అంటిపెట్టుకుని ఉంటే కింద చెమట, జిడ్డు, సూక్ష్మజీవులు పేరుకుంటాయి. దురద పెరుగుతుంది, కుదుళ్ల దగ్గర చీముపొక్కులు లేస్తాయి.

ఇవాళ్టి నుంచి ఇలా చేయండి. గోరువెచ్చటి నీళ్లతో పక్కులున్న చోటును పది నిమిషాలైనా తడిగా ఉంచండి. మగ్గుతో మెల్లగా పోసుకున్నా సరే, తడిపిన మెత్తటి గుడ్డ పరిచినా సరే. గట్టిగా ఉన్న పక్కు నానకుండా రాదు, నానితే దానంతటదే వదులవుతుంది. తర్వాత క్లినిక్ వాళ్లిచ్చిన షాంపూను, అది అయిపోతే ఘాటు లేని పిల్లల షాంపూను అరచేతిలో నురగ చేసి తలమీద పెట్టండి. రెండు నిమిషాలు ఆగి, వేళ్ల కొసల మెత్తటి భాగంతో చిన్న చిన్న గుండ్రాలుగా రుద్దండి. గోరు తగలకూడదు. ఊడినంత ఊడుతుంది, మిగిలింది రేపటికి వదిలేయండి. మూడు నాలుగు రోజులు వరసగా, రోజుకొకసారి చేస్తే దాదాపు అంతా శుభ్రపడుతుంది. పక్కుతో పాటు వెంట్రుకలు గుప్పెడు వచ్చినట్టు కనిపించవచ్చు. ఎలాగూ రాలాల్సినవి పక్కుకు అంటుకుని ఆగి ఉన్నాయి, అంతే. తల తుడుచుకునేటప్పుడు తువ్వాలును అద్దండి, రాయొద్దు.

నూనె విషయంలో మీ మిత్రుడి మాట వినొద్దు. రాత్రంతా చిక్కటి నూనె పట్టించి ఉంచితే పక్కు మెత్తబడే మాట నిజమే కావచ్చు, కానీ ఇంకా పూర్తిగా మానని చర్మరంధ్రాలు మూసుకుపోయి పొక్కులొస్తాయి. దుమ్ము కూడా అంటుకుంటుంది. కొందరు డాక్టర్లు పక్కు మెత్తబడటానికి ప్రత్యేకంగా లోషన్ ఇచ్చి, కొద్దిసేపు ఉంచి కడిగేయమంటారు. అది వేరు, వాళ్లు ఇస్తే వాడండి. ఇంటి చిట్కాల రసాలు, పూతలు మాత్రం ఏవీ వద్దు. కనీసం ఈ రెండు నెలలు మీ నెత్తి ప్రయోగాలకు చోటు కాకూడదు.

నాలుగు రోజులు ఇలా కడిగినా పక్కు రాకపోతే, లేదా దాని కింద చర్మం నల్లగా, బూడిదరంగులో కనిపిస్తుంటే, ఫొటో పంపి ఊరుకోకుండా నేరుగా వెళ్లి చూపించండి. అరుదుగా, నాటిన చోట చర్మానికి రక్తం చాలక కొంత భాగం చచ్చిపోతుంది. మొదట రంగు మారుతుంది, తర్వాత నల్లటి మందపాటి పెచ్చు కడుతుంది. గ్రాఫ్ట్‌లు మరీ దగ్గర దగ్గరగా పెట్టినవాళ్లలో, షుగర్ అదుపులో లేనివాళ్లలో, పొగతాగేవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. మీ ఉత్తరంలో దాని లక్షణాలేవీ లేవు, మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. కానీ సిగరెట్ సంగతి ఇక్కడే చెప్పాలి. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తం మోసుకెళ్లే ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. మీ నెత్తిమీద ఇప్పుడు జరుగుతున్న పనంతా ఆ సన్నటి నాళాల మీదే ఆధారపడి ఉంది. ఒకసారి మానేసినవారు మీరు. ఇప్పుడు మళ్లీ మానడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు. టెన్షన్ తట్టుకోలేకపోతే డాక్టర్ని అడగండి, మానడానికి మందులూ ఉన్నాయి.

మొద్దుబారడం గురించి. గ్రాఫ్ట్ పెట్టడానికి చర్మంలో వేల సన్నటి గాట్లు పెడతారు. ఆ గాట్లలో స్పర్శ తెలిపే చిన్న నరాల కొసలు తెగుతాయి. అవి తిరిగి పెరగడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. మధ్యలో ఉన్నట్టుండి సూది గుచ్చినట్టు, చీమలు పాకినట్టు అనిపిస్తే స్పర్శ తిరిగొస్తోందని అర్థం. ఒక్క జాగ్రత్త: మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు. హెయిర్ డ్రయర్ వేడిగాలి, మరీ వేడినీళ్లు, ఎండ, ఇవి కాల్చినా మీకు తెలియకపోవచ్చు. నీళ్ల వేడి చేత్తో చూసుకుని పోసుకోండి. మూడు నెలలపాటు ఎండలోకి వదులుగా ఉండే టోపీతో వెళ్లండి. మానుతున్న చర్మానికి ఎండ తగిలితే ఎరుపు త్వరగా తగ్గదు, కొందరికి అది నల్లమచ్చగా మిగిలిపోతుంది.

తల వెనక దురద, పలుచదనం రెండూ అర్థం చేసుకోదగ్గవే. అక్కడ ఒక మిల్లీమీటరు లేదా అంతకంటే తక్కువ వెడల్పున్న రంధ్రాలు వేలల్లో పడ్డాయి. అవి వారం పది రోజుల్లో పూడతాయి. పూడే చర్మం దురదపెడుతుంది, గొరిగిన జుట్టు మొలుస్తుంటే ఇంకా పెడుతుంది. గోకొద్దు, చల్లటి తడిగుడ్డ అద్దండి. నిద్ర పట్టనంతగా ఉంటే దురదకు మాత్ర అడగండి. జుట్టు పల్చబడటానికి ఒక కారణం తీసేసిన కుదుళ్లు, రెండోది ఆ చుట్టుపక్కల వెంట్రుకలకూ తగిలిన షాక్. రెండోది మూడు నాలుగు నెలల్లో తిరిగొస్తుంది. మొదటిది రాదు, కానీ చుట్టూ జుట్టు పెరిగాక కనబడదు. ఆరునెలలు దాటాక కూడా వెనక పురుగు కొట్టేసినట్టు ఖాళీలు కనిపిస్తుంటే అప్పుడు గట్టిగా అడగాలి, అవసరానికి మించి తీశారేమోనని.

ఈ సమాధానం చదివేవారిలో మొదటి వారంలో ఉన్నవారూ ఉంటారు. వాళ్లకోసం నాలుగు మాటలు. రెండో రోజు నుంచి నుదురు, కనురెప్పలు ఉబ్బుతాయి. ఆపరేషన్‌లో ఎక్కించిన ద్రవం కిందికి జారడమే దానికి కారణం, నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకుంటే తక్కువగా వస్తుంది. ఐస్ పెట్టాలంటే నుదుటి మీదే పెట్టాలి, గ్రాఫ్ట్‌ల మీద కాదు. సెలైన్ స్ప్రే చెప్పిన వేళలకు కొట్టుకుంటే పక్కు పలచగా కడుతుంది, తర్వాత ఈ పాఠకుడికొచ్చిన ఇబ్బంది రాదు. షవర్ ధార నేరుగా తలమీద పడనీయొద్దు. టీషర్టుల బదులు గుండీల చొక్కాలు వేసుకోండి. నొప్పికి ఏ మాత్ర పడితే అది వేసుకోవద్దు, కొన్ని రక్తస్రావం పెంచుతాయి. ఒక గ్రాఫ్ట్ ఊడి రక్తం వస్తే శుభ్రమైన గాజుగుడ్డతో ఐదు నిమిషాలు నొక్కిపట్టి, క్లినిక్‌కి ఫోన్ చేయండి. ఒకటి రెండు పోతే మొత్తం ఫలితం మారదు. ఎఫ్‌యూటీ పద్ధతిలో, అంటే వెనక చర్మం పట్టీలా కోసి కుట్లు వేయించుకున్నవారు మరింత ఓపిక పట్టాలి. మూడు వారాలప్పుడు కుట్టిన చోటుకు మామూలు చర్మం బలంలో ఐదో వంతే ఉంటుంది, ఆరు వారాలకు సగం. కుట్లు తీసేశారు కదా అని మెడ వంచి బరువులెత్తితే మచ్చ వెడల్పవుతుంది.

మళ్లీ మీ దగ్గరికొస్తాను. వ్యాయామం: నడక ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, మూడు వారాలు నిండాక మెల్లగా పరుగు, బరువులు. ఈత కొలను నెల దాటాక. హెల్మెట్ మాత్రం లోపలి వైపు శుభ్రంగా ఉండి, రాసుకోకుండా పట్టేలా చూసుకోండి. రంగు వేయడం కూడా నెల దాటాకే, అదీ పక్కులూ పొక్కులూ లేకపోతేనే.

రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య మీకు మరో భయం ఎదురవుతుంది. ముందే తెలిసి ఉంటే మంచిది. నాటిన చోట మొటిమల్లాంటి పొక్కులు లేవవచ్చు. కొత్త వెంట్రుక చర్మాన్ని చీల్చుకుని బయటకు రాలేక లోపలే మెలికపడితే ఇలా అవుతుంది. ఒకటీ అరా ఉంటే గోరువెచ్చటి గుడ్డ కాపడం చాలు. పిండొద్దు. పదుల్లో లేస్తుంటే, నొప్పి ఉంటే మందు కావాలి. ఆ నెలల్లోనే మీ తల ఆపరేషన్‌కు ముందుకన్నా పల్చగా కూడా కనిపించవచ్చు. నాటినవి రాలిపోయి ఉంటాయి, పాత జుట్టులో కొంత షాక్‌కు రాలి ఉంటుంది. చాలామంది ఈ సమయంలోనే ఆశ వదులుకుంటారు. విశ్రాంతిలోకి వెళ్లిన కుదురు తిరిగి లేవడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మీరే లెక్క వేసుకోండి: నాలుగో నెలలో మొలిస్తే ఆరో నెలకు రెండు సెంటీమీటర్లే. అదీ సన్నగా, వంకరగా ఉంటుంది, అన్నీ ఒకేసారి మొలవవు, ఒక పక్క ముందు, మరో పక్క వెనక. నిజమైన ఫలితం పన్నెండో నెలకు తెలుస్తుంది, నడినెత్తికైతే 15 నుంచి 18 నెలలు కూడా పట్టవచ్చు. రోజూ అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. నెలకొకసారి, ఒకే చోట, ఒకే వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి.

క్లినిక్‌లో బహుశా ఎవరూ మీకు కూర్చోబెట్టి చెప్పని విషయం ఒకటుంది. నాటిన జుట్టు నిలుస్తుంది, ఎందుకంటే వెనక నుంచి తెచ్చిన కుదురు ఎక్కడ నాటినా తన గుణం మార్చుకోదు. నార్మన్ ఓరెన్‌ట్రైక్ అనే డాక్టర్ 1959లో ప్రచురించిన ఈ పరిశీలన మీదే ఈ శస్త్రచికిత్స అంతా నిలబడింది. కానీ మీ ముందు భాగంలో, నడినెత్తి మీద ఉన్న పాత జుట్టుకు ఆ రక్షణ లేదు. బట్టతల తెచ్చే ప్రక్రియ దానిమీద సాగుతూనే ఉంటుంది. 34 ఏళ్ల వయసులో ఇది చిన్న విషయం కాదు. ఏ చికిత్సా లేకపోతే కొన్నేళ్లకు నాటిన జుట్టు ఒక దీవిలా మిగిలి చుట్టూ ఖాళీ కావచ్చు. అందుకే బట్టతలకు వాడే మందులైన మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ గురించి మీ డాక్టర్‌తో మాట్లాడాలి. మినాక్సిడిల్ పైపూత చర్మం పూర్తిగా మానాకే మొదలుపెట్టాలి, మీ విషయంలో పక్కులన్నీ పోయాక. మొదటి వారాల్లో దానివల్లా కొంత జుట్టు రాలుతుంది, అప్పుడు బెంబేలెత్తి ఆపేయొద్దు. ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము మాత్రను మగవారి బట్టతలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో అనుమతించింది. బాగా పనిచేసే మందే. అయితే కొద్దిమందిలో లైంగిక ఆసక్తి తగ్గడం, మనసు దిగులుగా ఉండటం వంటివి కనిపిస్తాయి, అది ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. మీ ఇంట్లో గర్భవతి ఉన్నా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా ఆమె విరిగిన మాత్రను ముట్టుకోకూడదు. మందుల షాపులో అడిగి మీరే మొదలుపెట్టే మందు కాదిది.

క్లినిక్ వాళ్లు 'నార్మలే సార్' అన్నది చాలావరకు నిజమే. కానీ ఆ ఒక్క ముక్కతో సరిపెట్టడం తప్పు. మీ తలమీద ఏం జరుగుతోందో తెలుసుకునే హక్కు మీకుంది, వివరించడం వాళ్ల బాధ్యత. ఫొటోల్లో పక్కు కింది చర్మం కనిపించదు. ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ అడిగి, టెక్నీషియన్‌తో కాకుండా ఆపరేషన్ చేసిన డాక్టర్‌తోనే మాట్లాడండి. మూడు అడగండి: పక్కుల కింద చర్మం ఆరోగ్యంగా ఉందా, మినాక్సిడిల్ ఏ తేదీ నుంచి, మళ్లీ ఎప్పుడు చూస్తారు. రోజురోజుకూ పెరిగే నొప్పి, చీము, దుర్వాసన, జ్వరం, పాకుతున్న ఎరుపు, నల్లబడిన చర్మం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదేరోజు వెళ్లండి. ఆ క్లినిక్ పట్టించుకోకపోతే దగ్గర్లోని చర్మవ్యాధుల నిపుణుణ్ని కలవండి. వెళ్లేటప్పుడు ఆపరేషన్ కాగితాలు, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.